రాజనర్సయ్య గీసిన గిరి

పంజగుట్ట చౌరస్తా దాటి అమీర్‌పేట వైపు నాలుగడుగులు వేస్తే, ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్మే కొట్టు ఉన్నచోట, ఒకప్పుడు రాజనర్సయ్య ఎస్టీడీ బూత్ ఉండేది. పసుపుపచ్చ బోర్డు, మనిషి నిలబడితే మోచేతులు తగిలే అద్దాల గది, బిల్లు కక్కే చిన్న యంత్రం. సాయంత్రమైతే హాస్టళ్ల పిల్లలు వరస కట్టేవాళ్లు. ఒకడు తండ్రికి ఫోన్ చేసి జావా అయిపోయిందంటాడు, ఇంకొకడు ఒరాకిల్ సగమైందంటాడు, మూడోవాడు డబ్బులు పంపమనడానికి ముందు అమ్మ మోకాళ్ల నొప్పి గురించి ఎంతో ప్రేమగా అడుగుతాడు. అద్దం తలుపు సరిగా పడేది కాదు కాబట్టి అన్నీ రాజనర్సయ్య చెవిన పడేవి. కంప్యూటర్ ముట్టుకోకుండానే అమీర్‌పేటలో నేర్పే కోర్సుల పేర్లన్నీ ఆయనకు నోటికొచ్చేశాయి.

ఆలేరు దగ్గరి పల్లె నుంచి చిన్నప్పుడే పట్నం వచ్చిన మనిషి. ఇంటర్ గట్టెక్కాడు. ఎల్లారెడ్డిగూడలో రెండు గదుల ఇల్లు, భార్య లచ్చమ్మ కుట్టుమిషన్, బూత్. జీవితం ఇలాగే సాగిపోతుందనుకున్నాడు. అంతలో సెల్‌ఫోన్లు వచ్చాయి. మొదట పెద్దవాళ్ల చేతుల్లో, ఆ తర్వాత ఆటోవాళ్ల చేతుల్లో, చివరికి తన బూత్ ముందే నిలబడి మాట్లాడే హాస్టల్ పిల్లల చేతుల్లో కనపడ్డాయి. అద్దాల గదిలో రాజనర్సయ్య గొడుగులూ, రీఛార్జి కార్డులూ పెట్టుకున్నాడు. అవీ అంతంతమాత్రమే.

"ఏడేడి నుంచో వచ్చి అమీర్‌పేటల చదువుకుంటున్నరు," అంది లచ్చమ్మ ఒకరోజు, జాకెట్‌కు కాజాలు కుడుతూ. "నువ్వు రెండు స్టాపుల దూరంల ఉండి గొడుగులు అమ్ముకుంటవా?"

"నలభై దాటినయ్. పోరగాండ్ల నడుమ కూసోవాల్నా?"

"కూసుంటె ఏమైతది? బెంచీ ఇరుగుతదా?"

అలా రాజనర్సయ్య మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులో, రఘురామ్ అనే ఆయన నడిపే లినక్స్ క్లాసులో చేరాడు. కంప్యూటర్లను నడిపించే మూల సాఫ్ట్‌వేర్లలో లినక్స్ ఒకటి. రఘురామ్‌ది తెనాలి వైపు. మాట చురుకు, నడక చురుకు, బోర్డు మీద చేతిరాత మాత్రం కోడి కెలికినట్టు ఉండేది. తనకంటే పెద్దవాడైన విద్యార్థిని ఆయన మొదటిరోజు నుంచీ "రాజనర్సయ్య గారూ" అనే పిలిచాడు. పిల్లలు అంకుల్ అన్నారు. రాజనర్సయ్య ముందు బెంచీలోనే కూర్చున్నాడు. ఆయన ఇంగ్లీషు నిదానం, ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివేవాడు. కానీ చదివింది వదిలేవాడు కాదు.

రెండోవారంలోనే ఒక తమాషా జరిగింది. కొత్తగా లినక్స్ ఎక్కించిన కంప్యూటర్‌లో మొట్టమొదట ఏం చేయాలో రఘురామ్ చెబుతున్నాడు.

"ఇందులో ఎస్‌ఈ లినక్స్ అని ఒకటుంటుందండీ. ముందు దాన్ని ఆపేయండి. అది ఉంటే ఏదీ పని చెయ్యదు."

రాజనర్సయ్య చేయి లేపాడు. "సార్, ఏదీ పని చేయనియ్యనిదాన్ని ఎందుకు పెట్టిండ్రు?"

క్లాసంతా నవ్వింది. రఘురామ్ కూడా నవ్వాడు. "అమెరికా ప్రభుత్వంలో రహస్యాలు కాపాడే శాఖ వాళ్లు తయారుచేసిందటండీ అది. మన అమీర్‌పేటకి అంత రహస్యాలెక్కడివి? ఆపేసి ముందుకెళ్దాం."

అందరితోపాటు రాజనర్సయ్య కూడా ఆపేశాడు. ముందుకు వెళ్లాడు.

కోర్సు అయ్యాక ఉద్యోగం కూడా రఘురామ్ చలవే. శ్రీనగర్ కాలనీలో వాళ్ల ఊరివాళ్లే ఒకావిడ, అరుణాదేవి, పెళ్లి సంబంధాలు చూసేవారు. వీధి గదిలో మొదలైన వ్యవహారం ఆల్బములు నిండి, బీరువాలు నిండి, చివరికి వెబ్‌సైట్ అయింది. ఆ వెబ్‌సైట్‌ను మోసే సర్వర్ పక్కగదిలో, కుంకుమ బొట్టు పెట్టించుకుని, ఫ్యాను కింద కూర్చుని ఉండేది. దానికో మనిషి కావాలన్నారు. కాలేజీ పిల్లలను పెట్టుకుంటే మూడు నెలలకు మంచి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతున్నారు. రాజనర్సయ్యను చూడగానే అరుణాదేవికి నచ్చాడు.

"మీరు వెళ్లిపోరు కదండీ?" అన్నారావిడ.

"ఏడికి పోత మేడం, ఇల్లు ఎల్లారెడ్డిగూడల్నే ఉన్నది," అన్నాడు రాజనర్సయ్య.

మొదటి ఏడాది హాయిగా గడిచింది. రెండో ఏడాది శ్రావణ మాసంలో, ముహూర్తాల వేడి మొదలైన వారంలో, అరుణాదేవి కేక విని రాజనర్సయ్య చేతిలో టిఫిన్ డబ్బాతోనే పరిగెత్తాడు.

"ఇదేంటండీ ఇదీ! అబ్బాయిల ఫోటోలు ఉండాల్సినచోట వాచీలు వస్తున్నాయి!"

నిజమే. ఇంజనీరు, ఎంటెక్, ఐదడుగుల తొమ్మిదంగుళాలు అని రాసి ఉన్నచోట బంగారు రంగు చేతిగడియారం. డాక్టరుగారి అబ్బాయి చోట ఇంకో గడియారం, సగం ధరకే. ఒక తల్లి అప్పటికే ఫోన్ చేసి, ఈ వాచీ అబ్బాయికి కట్నంగా పెట్టాల్సిందా అని అడిగిందట.

రఘురామ్ స్కూటర్ మీద వచ్చాడు. ఇద్దరూ కూర్చుని తవ్వితే తేలింది. ఫోటోలు ఎక్కించే పేజీ సందులోంచి ఎవడో ఫోటోకు బదులు తన ప్రోగ్రాం ఎక్కించాడు. వెబ్ సర్వీసు, అంటే పేజీలు అడిగినవాళ్లకు అందించే ప్రోగ్రాం, దాన్ని నమ్మి నడిపేసింది. ఇక ఆ వెబ్ సర్వీసు ఎక్కడికి వెళ్లగలిగితే దొంగ కూడా అక్కడికల్లా వెళ్లాడు. దాన్ని అడ్డుకున్నవాడు లేడు.

"మరి ఆడపిల్లల ఫోన్ నంబర్లు? అడ్రసులు? అవీ చూశాడా?" అరుణాదేవి గొంతు తగ్గించి అడిగారు.

రాజనర్సయ్య సర్వర్ రాసుకున్న చిట్టా మళ్లీ తిరగేశాడు. చూశాడనడానికి ఆధారం లేదు. చూడలేదనడానికీ లేదు. ఆ రెంటి మధ్య నిలబడటం ఆయనకు చాలా కష్టమనిపించింది. నమ్మి నంబర్లు ఇచ్చిన తల్లిదండ్రులందరికీ అరుణాదేవే స్వయంగా ఫోన్ చేసి జరిగింది చెప్పారు. కొందరు తిట్టారు. ఆ ఫోన్లన్నీ పక్కన కూర్చుని విన్నాడు రాజనర్సయ్య.

సర్వర్ మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించేటప్పుడు, మొదట ఆపేయాల్సినది వచ్చినచోట ఆయన చేయి ఆగింది.

"సార్, దీన్ని ఈసారి ఆపొద్దు," అన్నాడు రఘురామ్‌తో.

"ఆపకపోతే ఏంచేస్తామండీ? నాకూ రాదది."

"ఇద్దరికీ రాదు గదా. ఇద్దరం నేర్చుకుందం."

ఆదివారాలు మధ్యాహ్నం, క్లాసులు లేని వేళ, రఘురామ్ ఖాళీ గదిలో ఇద్దరూ కూర్చునేవాళ్లు. కింద నుంచి మిర్చి బజ్జీల వాసన వచ్చేది. ఇంటర్నెట్‌లో దొరికిన కాగితాలు ముద్రించుకుని, వేలు పెట్టి చదువుతూ, వాదించుకుంటూ పోయారు. మెల్లగా సంగతి అర్థమైంది. కంప్యూటర్‌లో ప్రతి ఫైలుకూ ఒక ముద్ర ఉంటుంది. నడిచే ప్రతి సర్వీసుకూ ఒక ముద్ర ఉంటుంది. ఏ ముద్ర ఉన్న సర్వీసు ఏ ముద్ర ఉన్న ఫైలును ముట్టవచ్చో, ఏ పోర్టులో, అంటే బయటి మాటలు వినే ఏ కిటికీలో, కూర్చోవచ్చో ముందే నియమాలు రాసి ఉంటాయి. అందులో లేనిది జరగదు, అంతే. ఫైలు సొంతదారు సరేనన్నా జరగదు. మిషన్‌కు పెద్దయ్య లాంటి రూట్ పేరుతో నడిచే సర్వీసైనా, గిరి గీస్తే ఆ గిరిలోనే ఉండాలి.

"పెద్దయ్య అయినా ఎందుకు కుదరదో అదే నాకు మింగుడుపడట్లేదండీ," అన్నాడు రఘురామ్.

రాజనర్సయ్యకు మాత్రం అక్కడే తేలికైంది. "నా బూత్‌ల మూడు ఫోన్లుండె సార్. ఒకటి లోకల్, ఒకటి ఎస్టీడీ, ఒకటి ఫారిన్. లోకల్ దానికి ఎక్స్‌చేంజిల్నే తాళమేసిండ్రు. దాంట్ల నుంచి మంత్రి చేసినా ఢిల్లీ పోదు, నేను చేసినా పోదు. చేసేటోడు ఎవడన్నది కాదు, ఏ ఫోన్ అన్నదే లెక్క."

రఘురామ్ ఆ మాటను ఆ తర్వాత తన క్లాసుల్లో ఎన్నిసార్లు వాడుకున్నాడో లెక్కలేదు. ప్రతిసారీ రాజనర్సయ్య గారు చెప్పారని చెప్పేవాడు కూడా.

సరే, నేర్చుకున్నారు కదా అని అంతా సాఫీగా సాగిందా అంటే, లేదు. దసరా వెళ్లిన రెండోరోజు అరుణాదేవి మళ్లీ కేక వేశారు.

"రాజనర్సయ్య గారూ! పెళ్లికొడుకులు కనిపిస్తున్నారు కానీ పెళ్లికూతుళ్లు ఒక్కరూ కనిపించట్లేదండీ!"

సైట్ తెరిస్తే అబ్బాయిలు పళ్లికిలిస్తూ వరసగా ఉన్నారు. అమ్మాయిలున్నచోట ఖాళీ పెట్టెలు. ఫోన్లు మోగుతున్నాయి. మళ్లీ దొంగ పడ్డాడా? రఘురామ్‌కు ఫోన్ చేస్తే ఆయన పాత అలవాటు కొద్దీ, "ఆపేసి చూడండి ఒకసారి," అన్నాడు. పూర్తిగా ఆపడానికి రాజనర్సయ్యకు మనసొప్పలేదు. అడ్డుకోకుండా, అడ్డుకోవాల్సింది ఏదో మాత్రం రాసుకునే పద్ధతి ఒకటుంది దానికి. అందులో పెట్టాడు. టక్కున పెళ్లికూతుళ్లందరూ ప్రత్యక్షమయ్యారు.

అంటే దొంగ కాదు. అడ్డుకున్నది తాను పెట్టిన కాపలాయే. రాసుకున్న వరసలు చదివాడు. వెబ్ సర్వీసు ఫోటోలు అడిగింది, వాటి మీదున్న ముద్ర చూసి కాపలా కాదంది. ఆ ముద్ర సైట్ ఫైళ్లది కాదు. రాజనర్సయ్య సొంత ఫోల్డర్లోని ఫైళ్లకుండే ముద్ర.

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున సైట్ ఫోటోలన్నీ కొత్తగా సర్దింది తనే. అబ్బాయిల ఫోటోలు తన ఫోల్డర్ నుంచి సైట్ ఫోల్డర్లోకి కాపీ చేశాడు. కాపీ అంటే అక్కడ కొత్తగా పుట్టినట్టు లెక్క, ఆ చోటి ముద్రే పడింది. అమ్మాయిల ఫోటోల దగ్గరికొచ్చేసరికి జాగా ఎందుకు దండగని కాపీ మాని, ఉన్నవాటినే జరిపాడు. అవి పుట్టింటి ముద్రతోనే వచ్చి కూర్చున్నాయి.

ఒక్క ఆదేశం కొడితే ముద్రలన్నీ సరైపోయాయి. కాపలాను మళ్లీ గట్టిగా నిలబెట్టాడు. అమ్మాయిలు పోలేదు.

"ఏమైందండీ?" అడిగారు అరుణాదేవి.

"తప్పు నాదే మేడం. ఆడపిల్లలు అత్తగారింటికి వచ్చిండ్రు గాని ఇంటిపేరు మార్చుకోలే," అన్నాడు రాజనర్సయ్య. ఆవిడ నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డారు.

ఇక అసలు కథ.

అరుణాదేవి అన్నగారి కొడుకు ప్రమోద్, హైటెక్ సిటీలో ఏదో కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాడు. ఆదివారాలు అత్తయ్య ఇంట్లో భోజనం. ఆ భోజనాల ఋణం తీర్చుకోవడానికి జాతకాలు కలిపే ప్రోగ్రాం ఒకటి రాసిచ్చాడు. అది సర్వర్లో పగలూ రాత్రీ ఒక పోర్టులో చెవి పెట్టుకుని కూర్చుంటుంది. వెబ్ పేజీ ఇద్దరి పుట్టిన తేదీ, వేళ పంపితే, పంచాంగం పట్టికలు చూసి నక్షత్రాలు తేల్చి, ముప్పై ఆరు గుణాల్లో ఎన్ని కలిశాయో చెబుతుంది. అరుణాదేవికి తెగ నచ్చింది. పంతులుగారికి ఫోన్ చేసే పని తప్పింది.

రాజనర్సయ్యకు మాత్రం దిగులు పట్టుకుంది. లినక్స్‌తో వచ్చిన సర్వీసులకు నియమాలు రాసి ఇచ్చినవాళ్లున్నారు. ఈ ఇంట్లో పుట్టిన సర్వీసుకు ఎవరు రాస్తారు? గిరి లేని సర్వీసు ఊరి మీద వదిలిన ఆంబోతులాంటిది. బయటివాళ్ల మాటలు వినేది కూడా అదే కదా. రేపు ఎవడైనా దాని చెవిలో ఏదైనా ఊది లోపలికి వస్తే?

"మనమే రాద్దం సార్," అన్నాడు రఘురామ్‌తో.

మొదట జాతకాల సర్వీసుకు ఒక ముద్ర పెట్టారు. పంచాంగం ఫైళ్లకు వేరే ముద్ర. చదవవచ్చు, మార్చకూడదు. కూర్చోవడానికి ఒకే ఒక పోర్టు. తన లెక్కలు రాసుకోవడానికి సొంతంగా ఒక చిన్న ఫైలు. ఇంకేం కావాలో చూద్దామని, అడ్డుకోకుండా రాసుకునే పద్ధతిలో కొన్నాళ్లు నడవనిచ్చారు. ఆ రాసుకున్నదాన్ని నియమాలుగా మార్చి చేతిలో పెట్టే పనిముట్టు కూడా ఒకటుంది. ఇవన్నీ అడిగింది, ఇవన్నీ ఇచ్చేద్దామా అని అది వరసలు తయారుచేసి ఇచ్చింది.

"ఒప్పేసుకోండి. రెండు నిమిషాల పని," అన్నాడు రఘురామ్.

"జర ఆగుండ్రి సార్. అడిగిందల్ల ఇస్తె ఇంక గిరి ఏముంటది?" రాజనర్సయ్య వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. గడియారం చూసుకోవడానికి ఒక ఫైలు, సరే. భాషకు సంబంధించిన ఫైలు, సరే. తర్వాతి వరస దగ్గర వేలు ఆగిపోయింది.

జాతకాల సర్వీసు అరుణాదేవిగారి వివరాల ఫైలు తెరిచింది. ఫోన్ నంబర్లు, అడ్రసులు, ఎవరికి సంబంధం కుదిరింది, ఎవరికి కాలేదు అన్నీ ఉండే ఫైలు. నక్షత్రాలు కలిపేదానికి దాంతో ఏం పని? పైగా జాతకం అడిగినప్పుడల్లా కాదు. రోజుకు ఒక్కసారి, పొద్దున్నే, జనం ఆఫీసు బస్సుల కోసం నిలబడే వేళకు.

వాచీల రోజు గుర్తొచ్చింది. ప్రోగ్రాంను ఎవడైనా మార్చాడేమోనని, ప్రమోద్ మొదట ఇచ్చిన దాంతో పోల్చి చూశాడు. అక్షరం తేడా లేదు. అంటే ఈ పని చేస్తున్నది ప్రమోదే.

మేడంకు చెప్పాలి. కానీ ముందు ఆ కుర్రాణ్ణి అడగాలి. ఆదివారం భోజనమయ్యాక చాయ్ తాగుదాం రమ్మని పంజగుట్టలో ఇరానీ హోటల్‌కు తీసుకుపోయాడు.

"ప్రమోద్ బాబూ, నీ జాతకాల ప్రోగ్రాం రోజు పొద్దుగాల మేడం వివరాల ఫైలు ఎందుకు తెరుస్తున్నది?"

ప్రమోద్ బిస్కెట్ చాయ్‌లో ముంచినవాడు ముంచినట్టే ఉండిపోయాడు. అది మెత్తబడి అందులోనే పడిపోయింది. "బగ్ అయ్యుంటుందండీ."

"బగ్గు రోజు గదే టైముకు వస్తదా? బగ్గుకు సుత డ్యూటీ ఉంటదా?"

ప్రమోద్ చెవులు ఎర్రబడ్డాయి. చివరికి చెప్పాడు. రెండు నెలల కింద సుమశ్రీ అనే అమ్మాయి ఫోటో ఇవ్వడానికి ఆఫీసుకు వచ్చింది. పంజగుట్టలోనే జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. అప్పుడు కంప్యూటర్ ముందు ఉన్నది ప్రమోదే. "ఈ ప్రోగ్రాం రాసింది ఎవరండీ?" అని అడిగిందట. నేనేనని గర్వంగా చెప్పాడట. "నా నక్షత్రం తప్పు చూపిస్తోంది. నేను పుట్టింది తెల్లవారుజామున, అప్పటికి ఇంకా రోహిణే ఉంది. మీ ప్రోగ్రాం మృగశిర అంటోంది. రోజును బట్టి చూస్తున్నారు, గంటను బట్టి చూడాలి," అని కాగితం మీద లెక్క వేసి మరీ చూపించిందట.

"నా కోడ్‌లో తప్పు అంత ముచ్చటగా ఎవరూ పట్టుకోలేదండీ ఇంతవరకూ," అన్నాడు ప్రమోద్.

"గందుకని?"

"సంబంధం కుదిరితే అత్తయ్య ఆ ఫైల్లో కుదిరిందని రాస్తుంది. ఆమెకు కుదిరిందా లేదా అని రోజూ చూసి నాకు మెయిల్ పంపేలా పెట్టాను. అంతే. ఫోన్ నంబర్ చూడలేదు, ఒట్టు."

రాజనర్సయ్యకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. "నువ్వు చూడలే, నమ్ముత. గాని నీ ప్రోగ్రాం చూడగలుగుతున్నది. రేపు దాంట్ల ఎవడన్న దూరితె వాడు సుత చూస్తడు. గా పిల్ల తండ్రి ఆ కాగితం మేడం చేతికి ఇచ్చిండు, నీ చేతికి ఇయ్యలే."

"తప్పేనండీ. మరేం చేయమంటారు?"

"ప్రోగ్రాం సంగతి నేను చూస్కుంట. నువ్వు మీ అత్తయ్యకు చెప్పు. పిల్ల నచ్చిందని సుత చెప్పు. సంబంధాలు చూసే ఇంట్ల ఉండి దొంగతనంగ చూసుడేంది?"

"ఇవాళే చెబుతాను," అన్నాడు ప్రమోద్. సాయంత్రం దాకా అత్తయ్య చుట్టూ తిరిగి, రెండుసార్లు గొంతు సవరించుకుని, కాఫీ తాగి వెళ్లిపోయాడు. చెప్పలేదు.

రాజనర్సయ్య మాత్రం అన్నమాట ప్రకారం ఆ వరస కొట్టేసి, మిగతా నియమాలు ఎక్కించి, కాపలాను నిలబెట్టి ఇంటికి పోయాడు.

సోమవారం పొద్దున జాతకాల సర్వీసు అలవాటుగా వివరాల ఫైలు తెరవబోయింది. కాపలా కాదంది. ఇలా ఎవరైనా కాదంటారని ప్రమోద్ కలలో కూడా అనుకోలేదు కాబట్టి, కాదంటే ఏంచేయాలో ప్రోగ్రాంలో రాయలేదు. అది కాస్తా అక్కడికక్కడే కుప్పకూలింది. వీధి గదిలో రెండు కుటుంబాలు పొంతన కోసం కూర్చుని ఉన్నాయి.

"ఏంటండీ, జాతకాలు రావట్లేదు?" అన్నారు అరుణాదేవి.

"వస్తయి మేడం. దాన్ని జర సరిచేయాలె. ప్రమోద్ బాబు వచ్చి సరిచేస్తడు." పక్కకు పోయి ఫోన్ చేశాడు. "బాబూ, నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

ప్రమోద్ ఆఫీసుకు సెలవు పెట్టి, బండి మీద చెమటలు కక్కుతూ వచ్చాడు. వంటింటి గుమ్మంలో నిలబడి అత్తయ్యకు మొత్తం చెప్పాడు. అరుణాదేవి ముందు గట్టిగానే చీవాట్లు పెట్టారు, ఫైలు సంగతికి. "పరాయివాళ్లు నమ్మి ఇచ్చిన కాగితం రా అది! బొత్తిగా బుద్ధి లేదా?" తర్వాత కాసేపు కొంగుతో మొహం తుడుచుకుంటున్నట్టు నటించారు. నవ్వు దాచుకోవడానికి. "ఊరందరికీ సంబంధాలు చూస్తుంటే, మా ఇంటివాడు కంప్యూటర్లోంచి తొంగిచూస్తున్నాడన్నమాట!"

ఆ ముక్కలు కోడ్‌లోంచి తీసేయడానికి ప్రమోద్‌కు పది నిమిషాలు పట్టింది. జాతకాలు మళ్లీ కలవడం మొదలుపెట్టాయి.

సుమశ్రీ తండ్రి హనుమత్ప్రసాద్ మాసబ్ ట్యాంక్‌లో సర్కారు ఆఫీసులో పనిచేస్తారు. ఆయనకు ఫోన్ చేసే ముందు అరుణాదేవి రాజనర్సయ్యను అడిగారు, ఫైలు సంగతి చెప్పాలా అని.

"చెప్పాలె మేడం. పిల్లకు ముందు గదే చెప్పాలె. తర్వాత సంబంధం మాట."

చెప్పారు. ఆ సాయంత్రం కాలేజీ అవగానే సుమశ్రీ తండ్రితోపాటు వచ్చింది. నవ్వుముఖమే కానీ, కళ్లల్లో పరీక్ష పేపర్లు దిద్దే పంతులమ్మ ఉంది. ప్రమోద్ వైపు చూడకుండా నేరుగా సర్వర్ గదిలోకి వెళ్లి రాజనర్సయ్యను అడిగింది.

"ఇప్పుడు ఆ ప్రోగ్రాంకు నా వివరాలు చూడటం కుదరదా అండీ?"

"కుదరదమ్మా."

"మళ్లీ ఆయన పాత కోడ్ పెట్టేస్తే?"

"పెట్టినా కుదరదు. గా సర్వీసుకు గీసిన గిరి నేను మారిస్తెనే మారుతది."

"చూపించండి."

రాజనర్సయ్య పాత ప్రోగ్రాంను తెచ్చి సర్వీసు చోట పెట్టి, ముద్ర సరిచూసి, నడిపించాడు. అది ఫైలు మీదికి పోయింది. కాపలా కాదంది. సర్వీసు మళ్లీ కుప్పకూలింది. తెరమీద ఆ వరస పడగానే సుమశ్రీ వంగి రెండుసార్లు చదివింది.

"భలే! పాపం, కాదంటే ఎలా తట్టుకోవాలో కూడా తెలియదే దీనికి," అని నవ్వేసింది. గుమ్మం బయట నిలబడ్డ ప్రమోద్‌కు అది వినపడింది. తన గురించో, ప్రోగ్రాం గురించో అర్థంకాక ఇంకా ఎర్రబడ్డాడు.

తర్వాత ఇద్దరూ వరండాలో కూర్చుని మాట్లాడుకున్నారు. ముందు ఆయన క్షమించమన్నాడు. ఆమె ఇంకెప్పుడూ అలా చేయనని మాట తీసుకుంది. ఆపైన ఏం మాట్లాడుకున్నారో గానీ, అరుణాదేవి రెండుసార్లు కాఫీ పంపినా కప్పులు ముట్టకుండానే చల్లారిపోయాయి. లోపల పెద్దవాళ్లు జాతకాలు చూశారు. పదిహేడు గుణాలు. పద్దెనిమిది ఉంటే గానీ ముందుకు పోకూడదని అరుణాదేవే ఇన్నేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చారు. హనుమత్ప్రసాద్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అరుణాదేవి పెదవి కొరుక్కున్నారు.

సుమశ్రీ లోపలికొచ్చి కాగితం చూసింది. "ఈ లెక్క రాసింది ఆయనే కదా నాన్నా. దాన్ని నమ్మడానికి వీల్లేదు," అంది. ఆ మాటతో అక్కడున్న అందరి నవ్వూ వీధిలోకి వినపడింది. చివరికి అరుణాదేవి చాలాకాలం తర్వాత పంతులుగారికి ఫోన్ చేశారు. ఆయన రెండు పంచాంగాలు తిరగేసి, ఒకదాని ప్రకారం పందొమ్మిది వస్తున్నాయని, ఆ పంచాంగమే శ్రేష్ఠమని తేల్చారు.

మాఘమాసంలో అమీర్‌పేటలోనే ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి అయింది. రఘురామ్ పట్టుపంచె కట్టుకుని, తన బ్యాచ్ పిల్లలను కూడా వెంటేసుకుని వచ్చాడు. ఎవరు పిలిచారో ఎవరికీ తెలియదు, అందరూ కడుపునిండా తిన్నారు. పెళ్లివారు రాజనర్సయ్య దంపతులను ముందు వరసలో కూర్చోబెట్టి బట్టలు పెట్టారు. లచ్చమ్మ ఆ చీర అంచు వేళ్లతో తడిమి, కుట్టుపని చేసే మనిషి కాబట్టి జరీ మంచిదేనని తేల్చుకుని, మొగుడి చెవి దగ్గరికి వంగింది.

"నిజం చెప్పు. ఈ పెండ్లిల నువ్వు చేసిందేంది?"

"ఏం లేదు. ఒక ప్రోగ్రాంను ఒక ఫైలు సదవనియ్యలే."

"గంతేనా?"

"గంతే."

మండపంలో ప్రమోద్ తలంబ్రాలు కళ్లల్లో పడి తుడుచుకుంటున్నాడు, సుమశ్రీ దోసిలి మళ్లీ నింపుకుంటోంది.

"అయితే రేపటి సంది ఇంకో రెండు ఫైళ్లు సుత సదవనియ్యకు," అంది లచ్చమ్మ. "లే, బంతి లేస్తున్నది. గారెలు సల్లారిపోతయ్."